టరెట్ తిప్పేముందు

మరియదాసు బాబాయి తలుపు వేసేముందు ఇంట్లోవాళ్ళ చేతులెక్కడున్నాయో అడిగేవారు.

"శౌరమ్మా, చేతులు?"

"నా దగ్గరే ఉన్నాయండీ. రెండూ ఉన్నాయి. వేసుకోండి మీ తలుపు," అనేది వంటింట్లోంచి ఆయన భార్య శౌరమ్మ పిన్ని.

పటమటలో ఒకే పెంకుటిల్లు, రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో వాళ్ళు. చుట్టరికం లేదుగానీ వరసలు పెట్టుకుని పిలుచుకునేవాళ్ళం. మధ్యగోడ పైకప్పుదాకా లేకపోవడంవల్ల ఈ ప్రశ్నా జవాబూ రోజుకు పదిసార్లు నా చెవిన పడేవి. మంచం జరిపేముందు అదే ప్రశ్న. ట్రంకుపెట్టె మూసేముందు అదే ప్రశ్న. కొత్తలో కాలేజీ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. కారణం తెలిశాక నవ్వు రాలేదు.

బాబాయి సైన్యంలో పదిహేనేళ్ళు పనిచేశారు. తుపాకీ పట్టిన మనిషి కాదు. టాంకులు మరమ్మతు చేసే వర్క్‌షాపులో ఫిట్టరు. టాంకు మీద ఫిరంగితో సహా గుండ్రంగా తిరిగే తలకాయలాంటి భాగాన్ని టరెట్ అంటారు. అది కొన్ని టన్నుల బరువుంటుందట. దాన్ని తిప్పేముందు లోపల పిడి దగ్గర కూర్చున్నవాడు "టరెట్!" అని కేక వెయ్యాలి. చుట్టూ పనిచేస్తున్నవాళ్ళు ఒక్కొక్కరూ "క్లియర్" అని పలకాలి. అందరూ పలికాకే తిప్పాలి.

1968లో ఒక మధ్యాహ్నం పిడి దగ్గర ఉన్నది బాబాయి. బయట నలుగురున్నారు. ఆయన కేక వేశారు, తిప్పారు. ఉయ్యూరు పక్కనుంచి వచ్చిన జక్కయ్య అనే ఫిట్టరు కుడిచేతి నాలుగు వేళ్ళు టరెట్ అంచు కింద పోయాయి.

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని రాశారు. కానీ ఆ కాగితం బాబాయికి పనికిరాలేదు. నాలుగో గొంతు కోసం తాను ఆగాడా, మూడు విని తిప్పేశాడా అన్నది ఆయనకు తేలలేదు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా మూడు గొంతులే వినిపించేవి. జక్కయ్య వాళ్ళ ఊరు బస్సులో గంట ప్రయాణం. అయినా ఒక్కసారీ వెళ్ళలేదు.

పెన్షను తీసుకుని వచ్చాక ఆయన మా పేటలోని మిషన్ హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారుగా చేరారు. అదీ టెంపరరీగా. ఏటా జూన్‌లో మళ్ళీ కాగితం ఇస్తేనే ఉద్యోగం ఉన్నట్టు. ఆకురాయి పట్టించాలన్నా, రేకు కత్తిరించాలన్నా పిల్లల్ని పేరుపేరునా పిలిచి "క్లియర్" అనిపించుకున్నాకగానీ పని మొదలుపెట్టనిచ్చేవారు కాదు. పిల్లలు ఆయనకు "క్లియర్ మాస్టారు" అని పేరు పెట్టారు. ఆయన ముందే పిలిచినా కోప్పడేవారు కాదు.

1973 దసరా సెలవుల తర్వాత హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మగారు ఆయన్ని గదికి పిలిపించారు. ఫిబ్రవరిలో జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ తమ బడిలోనే జరగబోతోందని చెప్పారు. ఫిజిక్సు చెప్పే కృపానందంగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయనకు రేడియోల పిచ్చి. తీగ లేకుండా దూరంనుంచి మీట నొక్కితే నడిచే టాంకు చెయ్యాలని ఆయన ఆలోచన. యుద్ధం జరిగి రెండేళ్ళే అయింది కాబట్టి టాంకు అనగానే జనం ఎగబడతారు. రేడియో వాడటానికి కావలసిన అనుమతి కాగితం అప్పటికే ఢిల్లీనుంచి వచ్చింది.

"మీరు టాంకుల్లో పనిచేసిన మనిషి కదండీ," అన్నారట సంపూర్ణమ్మగారు. "పైన తిరిగేది మీ వంతు. గట్టిగా ఉండాలి, బొమ్మలా ఊగిపోకూడదు. డీఈవో గారొస్తున్నారు. క్రాఫ్టు పోస్టు పర్మినెంటు చెయ్యడం ఆయన చేతిలో పని. టాంకు చూపించి, ఇదిగో ఈ మాస్టారు చేశారని చెప్తాను. అంతకన్నా ఏం కావాలి?"

ఆ సాయంత్రం బాబాయి కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అరుగుమీద కూర్చున్నారు.

"చెయ్యనని చెప్పేస్తాను శౌరమ్మా."

"ఏమని చెప్తారు? భయమేస్తోందనా?"

"అవును."

"అది బొమ్మ టాంకండీ!"

"బొమ్మకైనా పళ్ళచక్రం పళ్ళచక్రమే."

"మనం పర్మినెంటు కాకపోతే వచ్చే జూన్‌లో ఏం తింటామో కూడా ఆలోచించండి," అని పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి చెయ్యనని చెప్పలేదు.

పెరట్లో వాళ్ళకొక రేకుల షెడ్డు ఉండేది. టాంకు పొట్టా చక్రాలూ కృపానందంగారు ఆటోనగర్‌లో చేయించి అక్కడికి చేర్చారు. నాలుగడుగుల పొడవు, ఇద్దరు పడితేగానీ లేవదు. టరెట్‌కి రేకు డబ్బా బోర్లించి మధ్యలో మేకు కొడితే సరిపోతుంది కదా అని ఆయన ఉద్దేశం.

"ఫిరంగి గొట్టం ముందుకి లాగుతుందండీ," అన్నారు బాబాయి. "మేకుమీద నిలబెడితే నాలుగు రోజుల్లో తల వాలుస్తుంది. బరువు నడిమధ్యన కాదు, అంచున మొయ్యాలి."

పళ్ళెమంత వెడల్పున రెండు ఇనప వలయాలు లేతు మీద తరిగించారు. రెండిటికీ ఎదురెదురుగా గాడి. కింది గాడిలో గ్రీజు కూరి, సైకిలు ఇరుసులో వేసే ఉక్కు గుండ్లు ఒక్కొక్కటే పేర్చి, పై వలయం బోర్లించారు. అది ఎగిరిపోకుండా మూడో వలయం పట్టీలా బిగించారు. వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూడు చుట్లు తిరిగింది. నాకు చూడముచ్చటగా అనిపించింది. బాబాయి మాత్రం వెంటనే వేలు వెనక్కి లాక్కుని చొక్కాకి తుడుచుకున్నారు.

దాన్ని తిప్పడానికి పాత లారీకి అద్దం తుడిచే వైపరు మోటారు తెచ్చారు. మెల్లగా తిరుగుతుందిగానీ మొండిబలం దానిది. చేత్తో పట్టుకుని ఆపుదామంటే ఆగదు. ఇంకో చిక్కు కూడా ఉంది. టరెట్ ఒకే వైపుకి తిరుగుతూ పోతే లోపలి తీగలు మెలిపడి తెగుతాయి. అందుకని ఒక చుట్టుకన్నా ఎక్కువ తిరక్కుండా టాంకు వీపుమీద ఒక ఇనప దిమ్మ, టరెట్ అంచున ఇంకో ఇనప ముక్క పెట్టారు. తిరిగి తిరిగి ముక్క వచ్చి దిమ్మకు తగిలి ఆగాలి. ఆ రెండూ కలిసేచోటు అడకత్తెర నోరులా ఉంది. అటువైపు చూడాలంటే నాకే ఒళ్ళు జలదరించేది.

డిసెంబరులో కృపానందంగారు లోపల రేడియో అమర్చారు. పెరటి చివర నిలబడి పెట్టె మీద మీట నొక్కితే టరెట్ తిరిగింది. ఆయన చిన్నపిల్లాడిలా గంతేశారు. ఆయన వెళ్ళాక బాబాయి ఒక్కరే కూర్చుని దిమ్మ దగ్గర పడ్డ గ్రీజు తుడుస్తున్నారు. మీటలున్న పెట్టె కిటికీలో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సందులో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. టరెట్ గుర్రుమని తనంతట తనే తిరిగింది.

"ఎవరు? ఎవరది?" అని బాబాయి అరిచిన అరుపుకి మా అమ్మ చేతిలో చేట కింద పడింది. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన షెడ్డు గోడకు ఆనుకుని, కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. దెబ్బేమీ తగల్లేదు. జానెడు దూరంలో తప్పింది.

మర్నాడు కృపానందంగారు తేలిగ్గా కొట్టిపారేశారు. "స్కూటరు ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది చూడండి, అదీ రేడియో లాంటిదేనండీ మాస్టారూ. మన టాంకుకి తేడా తెలీదు. దగ్గరకెళ్ళకపోతే సరి."

"కేక వేసినా దానికి వినపడదు కదండీ."

"దేనికండీ?"

"ఏం లేదండీ," అన్నారు బాబాయి.

ఆ ఆదివారం గుడినుంచి వచ్చాక పిన్ని చీర కూడా మార్చుకోలేదు. "పదండి, ఉయ్యూరు బస్సెక్కుదాం. ఆ జక్కయ్యగారిని కళ్ళారా చూసి, ఆ అడిగేదేదో అడిగెయ్యండి. మీతో నేను వేగలేకపోతున్నాను," అని బయల్దేరదీసింది. అక్కడ జరిగింది ఆవిడే నాకు చెప్పింది.

జక్కయ్య ఊరిమొదట్లో సోడా కొట్టు పెట్టుకున్నాడు. కుడిచేతికి మిగిలిన బొటనవేలితో, అరచేత్తో సీసా అదిమిపట్టి, ఎడమచేత్తో గోలీ కొడుతున్నాడు.

"ఓరి దాసూ! బతికున్నానో లేదో చూద్దామనొచ్చావా? రామ్మా చెల్లెమ్మా. నాలుగు వేళ్ళు సర్కారుకిచ్చి పింఛను తెచ్చుకున్న మొనగాణ్ణి, నా చేతి సోడా తాగి చెప్పు."

బాబాయి సోడా తాగలేదు. "జక్కా, ఆరోజు నువ్వు పలికావా?" అని అడిగారు.

"ఏరోజు?" అన్నాడు జక్కయ్య. అని, బాబాయి చూపు ఎక్కడుందో గమనించి నవ్వు ఆపాడు. "పలక్కపోవడమేంట్రా? నాలుగో గొంతు నాదే. క్లియర్ అని గట్టిగానే అరిచా. తీరా అరిచాక చూస్తే రెంచీ అంచుమీద వదిలేశా. లాగేద్దామని చెయ్యి పెట్టా. అంతే. ఇదా ఇన్నేళ్ళనుంచీ నీ ఏడుపు? అడిగుంటే మొదటిరోజే చెప్పేవాణ్ణి కదరా పిచ్చి సన్నాసీ!"

తిరుగు బస్సులో పిన్నికి గుండెల మీద బరువు దిగినట్టయింది. బాబాయి మాత్రం ముందు సీటు కడ్డీ వదల్లేదు.

"పలికాడంట."

"అవునండీ, మీ తప్పేం లేదు. ఇంకనైనా ప్రశాంతంగా ఉండండి."

"పలికాకే చెయ్యి పెట్టాడు శౌరమ్మా. అంటే పలికినా లాభం లేదు. అందరూ క్లియరే అంటారు. అన్నాకే పెడతారు."

ఆరోజునుంచి ఆయన చేతులెక్కడ అని అడగడం మానేశారు. లోపలికొచ్చి చూసేవారు. మాట్లాడకుండా వచ్చి, పిన్ని చేతులు చూసి, వెళ్ళి పెట్టె మూసుకునేవారు. అడగడమే నయంగా ఉండేదని పిన్ని మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకుంది.

ఆ వారమే ఆయన టరెట్ మళ్ళీ విప్పారు. మోటారు చక్రానికీ వలయానికీ మధ్య ఒక దళసరి తోలుబిళ్ల పెట్టి, దానిమీద స్ప్రింగు పెట్టి, నట్టుతో కొద్దిగా బిగించారు. మామూలుగా అయితే తోలు చక్రాన్ని కరుచుకుని టరెట్‌ని తిప్పుతుంది. దారిలో ఏదైనా అడ్డం వస్తే తోలు జారుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, టరెట్ ఆగిపోతుంది. ఎంత అడ్డానికి జారాలన్నది నట్టు బిగింపుని బట్టి ఉంటుంది.

పిన్ని కూరకు తరుగుతున్న బెండకాయల్లోంచి ఒకటి పట్టుకెళ్ళి దిమ్మ దగ్గర పెట్టారు. నన్ను మీట నొక్కమన్నారు. ఇనప ముక్క వచ్చి బెండకాయకు ఆని ఆగిపోయింది. కాయకు నొక్కుకూడా పడలేదు. నట్టు అరచుట్టు వదిలి మళ్ళీ నొక్కమన్నారు. అప్పుడు, నేను చూస్తుండగానే, తన చిటికెనవేలు అక్కడ పెట్టారు.

"బాబాయ్, నేను నొక్కను!"

"నొక్కు తల్లీ. నేను పెట్టకపోతే ఇంకెవరో పెడతారు."

నొక్కాను. కళ్ళు మూసుకుని నొక్కాను. తెరిచేసరికి ఆయన వేలు పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నారు. ఆ మూడు నెలల్లో ఆయన నవ్వగా చూడటం అదే.

జనవరి చివర్లో టాంకుని బడి హాలుకి చేర్చారు. పక్కన పెట్టే బోర్డు మీద వివరం రాసిపెట్టమని నన్ను పిలిచారు. నా దస్తూరీ బాగుంటుందని పిన్ని చెప్పిందట. మూలన కూర్చుని రాసుకుంటుంటే సంపూర్ణమ్మగారు వచ్చారు. పొడుగాటి మనిషి. నడుస్తుంటే బెంచీలు వాటంతటవే సర్దుకుంటాయేమో అనిపించేది. కృపానందంగారు మీటలు నొక్కారు. టాంకు బోర్లించిన చెక్కబల్ల ఎక్కింది. ఎక్కేటప్పుడు ఒరిగి, గొట్టం బరువుకి టరెట్ జారి పక్కకు వాలిపోయింది.

సంపూర్ణమ్మగారు వంగి టరెట్ మీద అరచెయ్యి ఆనించారు. మోటారు తిరుగుతోంది. టరెట్ ఆగింది.

"ఇదేంటండీ మాస్టారూ! చెయ్యి వేస్తే ఆగిపోతే దాన్ని టాంకంటారా? గట్టిగా ఉండాలని మొదట్లోనే చెప్పాను కదా!"

"చెయ్యి పడితే ఆగాలనేనండీ మేడంగారూ, అలా చేసింది."

"చెయ్యెందుకు పడుతుందండీ? చుట్టూ తాడు కడుతున్నాం."

"అయితే బయటికి ఒక స్విచ్చయినా పెట్టనివ్వండి. పక్కన నేను నిలబడతాను."

కృపానందంగారు తల పట్టుకున్నారు. "స్విచ్చు పెట్టి పక్కన మనిషి నిలబడితే రేడియోతో నడుస్తోందని ఎవరు నమ్ముతారండీ? కింద తీగ ఉందంటారు, గారడీ అంటారు. ఇంత శ్రమపడి మోసగాళ్ళమనిపించుకోవాలా?"

"మీరు తాడుకి ఇవతలే ఉండండి మాస్టారూ," అని సంపూర్ణమ్మగారు తేల్చేశారు. ఆ మాట కటువుగా అనలేదు. "మీ మంచికే చెప్తున్నా. డీఈవో గారి ముందు తల వాల్చిందంటే మీ పోస్టు మాట నేనెత్తలేను. బిగించండి."

ఎగ్జిబిషన్ ముందురోజు సాయంత్రం బడి హాల్లో బాబాయి స్పానరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. నేను బోర్డు మీద చివరి వరస రాస్తున్నాను. రెండు చుట్లు బిగించారు. ఆగారు. ఇంకో చుట్టు బిగించారు. జేబులోంచి బెండకాయ తీసి దిమ్మ దగ్గర పెట్టి మీట నొక్కారు. కాయ రెండు ముక్కలైంది. ఆయన ఆ రెండు ముక్కలూ ఏరి జేబులో వేసుకున్నారు. నావైపు చూడలేదు.

మర్నాడు మైదానంలో షామియానా కింద టాంకు, దాని చుట్టూ తాడు. నేను బోర్డు పక్కన. బాబాయి ఉతికిన తెల్లచొక్కాతో తాడుకి ఇవతల. మైకు దగ్గర, ఇరవై గజాల దూరంలో కృపానందంగారు పెట్టెతో సిద్ధంగా ఉన్నారు. డీఈవో గారు రాగానే ఆయన మెడలో చేతిమందాన చామంతి దండ వేశారు. పెద్దలందరూ చేసినట్టే ఆయన దాన్ని వెంటనే తీసేశారు. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, సరదాగా నవ్వుతూ, తాడు దాటివచ్చి టాంకు టరెట్ మెడలో వేశారు. జనం చప్పట్లు కొట్టారు.

దండ టరెట్ చుట్టూ వేలాడి వెనక దిమ్మ మీద పడింది.

"మేడంగారూ, దండ తీసెయ్యాలండీ," అన్నారు బాబాయి. మైకు హోరులో ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. ఆయన గొంతు పెంచి "టరెట్!" అని కేక వేశారు. టీచర్లందరూ నవ్వుకుంటూ "క్లియర్" అన్నారు. తాడు లోపల డీఈవో గారి పక్కన నిలబడ్డ సంపూర్ణమ్మగారు కూడా, మా బడి క్రమశిక్షణ చూడండి అన్నట్టు, చెయ్యెత్తి "క్లియర్" అన్నారు. అది విని కృపానందంగారు మీట నొక్కారు.

టరెట్ తిరిగింది. ఊగలేదు, వాలలేదు. సగం చుట్టు, ముప్పావు చుట్టు. అంత చక్కగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. దండ కూడా దాంతోపాటు తిరిగి, వెనక ఇనప ముక్కకూ దిమ్మకూ మధ్య చిక్కుకుంది. మోటారు మూలిగింది. పూలు నలిగి రాలాయి. ముక్కకూ దిమ్మకూ మధ్య దండ మందం సందు మిగిలి టరెట్ నిలిచిపోయింది. కృపానందంగారు మీట వదిలేశారు.

సంపూర్ణమ్మగారు ఏమీ ఆలోచించలేదు. పటానికి వేసిన దండ మేకుకి పట్టుకుంటే ఎవరైనా తీసినట్టే, ఒక అడుగు ముందుకేసి, వంగి, వేళ్ళు ఆ సందులో పెట్టి దండ లాగసాగారు. ఆవిడ వీపు అడ్డం ఉండటంవల్ల దూరంగా ఉన్న కృపానందంగారికి చెయ్యి కనపడదు. ఆయన మళ్ళీ పెట్టె మీదికి తల వంచారు.

నేను అరవాలనుకున్నాను. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను.

బాబాయి తాడు తెంచుకుని లోపలికి పడ్డారు. మోకాళ్ళ మీద జారుకుంటూ టాంకు వెనక మూత లేపి, చేతికందిన తీగలన్నీ కలిపి ఒక్క గుంజు గుంజారు. టప్పుమని నిప్పురవ్వలు లేచి, కమురు వాసన వచ్చింది. అంతకుముందే టరెట్ కదిలిందో లేదో నాకిప్పటికీ తెలియదు. సంపూర్ణమ్మగారు దండ ఊడదీసి, పైకెత్తి చూపించి, "హమ్మయ్య! ఇక నడపండి," అన్నారు.

కృపానందంగారు నొక్కారు. మళ్ళీ నొక్కారు. టాంకు చచ్చినట్టు పడి ఉంది. అందరి కళ్ళూ, చేతిలో తీగల గుత్తి పట్టుకుని టాంకు వెనక మోకాళ్ళ మీద కూర్చున్న బాబాయి మీద పడ్డాయి.

"ఓహో!" అన్నారు డీఈవో గారు. "అయితే ఈయనా అండీ మీ రేడియో?"

జనం గొల్లున నవ్వారు. కృపానందంగారు పరుగెత్తుకొచ్చి లోపలికి చూసి, "మాస్టారూ, అంతా కాల్చేశారు కదండీ! నా ఏడాది కష్టం!" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డీఈవో గారు చేతి గడియారం చూసుకుని పక్క స్టాలుకి వెళ్ళిపోయారు.

బాబాయి లేచి సంపూర్ణమ్మగారి దగ్గరకు వెళ్ళారు. "మేడంగారూ, ఒకసారి చెయ్యి చూపిస్తారా?"

"నా చేతికేమైందండీ? మీ బుర్రకేమైందో చెప్పండి ముందు!" అని ఆవిడ విసురుగా చెయ్యి ఊపారు. పసుపు పూరేకులు అంటుకున్న అయిదు వేళ్ళూ ఆయన చూశారు.

"ఏం లేదండీ," అన్నారు.

టాంకు లోపల మనిషి చేత్తో తిప్పుతున్నాడనీ, పట్టుబడేసరికి తీగలు తెంపేశాడనీ బడిలో చాలాకాలం చెప్పుకున్నారు. జూన్‌లో ఆయనకు కాగితం రాలేదు. ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టేచోట కూలికి ఫిట్టరుగా చేరారు. ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు. సంపూర్ణమ్మగారు కిందటేడు పోయారు. అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను.

ఎందుకంటే ఎగ్జిబిషన్ రోజు సాయంత్రం నేను వాళ్ళ వాటాలోకి వెళ్ళాను. బాబాయి అన్నం ముందు కూర్చుని ఉన్నారు. "మేడంగారి వేళ్ళు లోపలుండటం నేను చూశాను బాబాయ్. రేపు బడికొచ్చి చెప్తాను," అన్నాను. అరవాల్సినప్పుడు అరవలేదు కదా, అదైనా చెయ్యాలనిపించింది.

పిన్ని గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఎవరి వేళ్ళు? ఏంటే నువ్వనేది?"

బాబాయి తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా."

"నమ్ముతారు బాబాయ్! నేను చెప్తే నమ్ముతారు."

"నమ్ముతారనేనమ్మా వద్దంటున్నది. నమ్మితే ఆవిడ రేపట్నుంచి సంతకం పెట్టిన ప్రతిసారీ వేళ్ళు చూసుకుంటుంది. బిగించమన్నది తనేనని గుర్తొస్తుంది. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆవిడకెందుకు?"

పిన్నికి అప్పటికి సంగతి అర్థమైంది. గరిటె గిన్నెలో పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి మన పోస్టు?"

"అదా? అది పోయింది శౌరమ్మా," అన్నారు బాబాయి. "ఇంకాస్త అన్నం పెట్టు."

కంచం ముందుకు జరపబోయారు. కంచం గచ్చుమీద టకటకలాడింది. పిన్ని కంచం అంచు పట్టుకుని, ఆయన కలుపుకున్నంతసేపూ కదలకుండా అలాగే ఉంచింది.